భుజం నొప్పి అంతా భుజానిది కాదు



ఈ నెల పేజీకి ఆధారం ఒక సహోదరి రాసిన ఉత్తరం. ఆమె కుమారుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తే అక్కడి డాక్టరు దగ్గరికి వెళ్ళాడట. ఆ డాక్టరు మాత్రలు రాయకముందే అబ్బాయిని బల్లమీద పడుకోబెట్టి, వెన్ను పొడుగునా వేళ్ళతో తడిమి చూసి, కాలు మడిపించి, "ఇప్పుడు నా చేతిని మెల్లగా తొయ్యి, ఇప్పుడు వదిలెయ్యి" అంటూ పావుగంట సేపు ఏదో చేశాడట. నొప్పి సగానికి తగ్గిందట. డాక్టరు పేరు చివర ఎం.డి. అని కాక డి.ఓ. అని ఉందట. "అయ్యగారూ, ఆయన నిజమైన డాక్టరేనా? లేక మన ఊళ్ళో బెణుకు మంత్రం వేసేవాళ్ళలాంటి వాడా? విశ్వాసులు అలాంటి చోటికి వెళ్ళవచ్చా?" అని ఆమె ప్రశ్న. ఈ మధ్య తమ మండల కేంద్రంలో కూడా ఒకరు బోర్డు పెట్టారనీ, వెన్నుపూసలు సరిచేస్తే షుగరు, బి.పి., గ్యాసు, సంతానం లేకపోవడం అన్నీ పోతాయని కరపత్రాలు పంచుతున్నారనీ కూడా రాశారు. ఉత్తరం చివర, సంతకానికి పైన, తన భర్తను గురించి ఒక్క వాక్యం రాశారు. దాని సంగతి తర్వాత చెబుతాము.

మొదటి ప్రశ్నకు జవాబు సులువే. అమ్మా, మీ అబ్బాయిని చూసినాయన నిజమైన డాక్టరే. డి.ఓ. అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. అమెరికాలో డిగ్రీ అయ్యాక నాలుగేళ్ళు వైద్య కళాశాలలో చదివి, ఆ తర్వాత ఆస్పత్రిలో శిక్షణ పొంది, ఎం.డి. చదివిన వారితో సమానంగా మందులు రాయడానికీ ఆపరేషన్లు చేయడానికీ వారికి ఆ దేశంలోని 50 రాష్ట్రాల్లోనూ హక్కు ఉంది. అలాంటి డాక్టర్లు అక్కడ లక్షకు పైగా ఉన్నారు. మిగతా డాక్టర్ల కంటే వారు అదనంగా నేర్చుకునేది చేతి వైద్యం, అంటే కీళ్ళను, కండరాలను చేతులతో పరీక్షించి సరిచేసే పద్ధతులు. చిత్రమేమిటంటే, నేర్చుకున్న వారిలో చాలామంది దాన్ని అరుదుగానే వాడతారు. మీ అబ్బాయికి వాడే డాక్టరే దొరికాడు.

అయితే ఒక జాగ్రత్త. ఇంగ్లండులో, ఫ్రాన్సులో ఆస్టియోపాత్ అనే పేరున్నవారు చేతి వైద్యం చేసేవారే గాని మందులు రాసే డాక్టర్లు కారు. ఇంగ్లండులో వారికి 1993లో వేరే చట్టమే చేశారు. కాబట్టి మన ఊళ్ళో ఆ మాట బోర్డుమీద కనబడినంత మాత్రాన లోపల ఉన్నది మీ అబ్బాయిని చూసిన డాక్టరు వంటివారని అనుకోకూడదు. ఏమి చదివారు, ఎక్కడ చదివారు అని అడగడం తప్పు కాదు. అడిగితే కోప్పడేవారి దగ్గర వీపు పెట్టకపోవడమే మంచిది.

ఈ వైద్యం పుట్టిన కథ మన వంటి సంఘాలవారికి తెలియవలసినది. దీన్ని మొదలుపెట్టినవాడు ఆండ్రూ టేలర్ స్టిల్. 1828లో వర్జీనియాలో పుట్టాడు. తండ్రి మెథడిస్టు బోధకుడు, రోగులను కూడా చూసేవాడు. కాన్సస్‌లో షానీ జాతి ఇండియనుల మధ్య మిషను పని చేసిన కుటుంబం అది. కొడుకు తండ్రి దగ్గరే వైద్యం నేర్చుకున్నాడు. ఆనాటి వైద్యమంటే ఏమిటి? పాదరసం కలిసిన విరేచనపు మందు, నల్లమందు, సారాయి, రక్తం తీయడం. 1864లో మెదడు పొరల వాపు జబ్బు వచ్చి స్టిల్ ఇంట్లో ముగ్గురు పిల్లలు చనిపోయారు. తానూ వైద్యుడే, వచ్చిన వారూ వైద్యులే, ఎవరి మందూ పనిచేయలేదు. ఆ దుఃఖంలోంచి ఆయనకు మందులమీద నమ్మకం పోయింది. దేవుడు మనిషి దేహాన్ని చేసినప్పుడు దానికి కావలసిన స్వస్థత దానిలోనే ఉంచి ఉంటాడు గదా, ఎముకలూ రక్తనాళాలూ నరాలూ వాటి వాటి చోట సరిగా ఉంటే దేహం తనను తాను బాగుచేసుకుంటుంది గదా అని ఆలోచించసాగాడు. 1874 జూన్ 22న తన మార్గం ఇదని తేల్చుకున్నానని తరువాత చెప్పుకున్నాడు.

కాన్సస్‌లో బేకర్ విశ్వవిద్యాలయం మెథడిస్టులది. దానికి స్థలం ఇచ్చి, కట్టడానికి కలప కోసి సాయపడిన కుటుంబం స్టిల్‌ది. అక్కడ తన సంగతి చెప్పుకోవడానికి అనుమతి అడిగితే వారు ఇవ్వలేదు. చేతులుంచి బాగుచేయడం ప్రభువుకే చెల్లుననీ, ఇతడు ఆయనతో పోటీకి దిగాడనీ సంఘంలో నింద వచ్చింది. కొన్నేళ్ళు ఊరూరా తిరిగి, ఎముకలు కట్టేవాడిగా బతికాడు. మనకు పుత్తూరు కట్టు ఎలాగో అక్కడివారికి అలాంటి కట్టు వైద్యులు ఉండేవారు. చివరికి 1892లో మిస్సోరి రాష్ట్రంలో కిర్క్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో బడి తెరిచాడు. మొదటి తరగతిలోనే స్త్రీలనూ చేర్చుకున్నాడు. 1917లో చనిపోయాడు.

మేము ఆయనను తప్పుబట్టవలసిన చోట తప్పుబడతాము. సమస్త రోగాలకూ మూలం ఎముకలు చోటు తప్పడమే అనుకున్నాడు. అది నిజం కాదు. క్షయకు క్రిమి ఉంది, మలేరియాకు దోమ ఉంది. ఆయన వారసులే తర్వాత మందులను, శస్త్రచికిత్సను తమ బడుల్లోకి తెచ్చుకున్నారు. కాని ఆయనను నిందించిన సంఘం వారు కూడా పొరబడ్డారని మా అభిప్రాయం. నొప్పి ఉన్నచోట చెయ్యి వేసి చూడడం మంత్రమూ కాదు, ప్రభువుతో పోటీ కూడా కాదు. ఎవరూ దగ్గరికి రాని కుష్ఠరోగిని మన ప్రభువు ముట్టుకున్నాడు. పౌలుతో కలిసి తిరిగిన లూకా వైద్యుడే. విశ్వాసులు వెళ్ళవచ్చా అన్న ప్రశ్నకు మా జవాబు: మంత్రం చదివేవారి దగ్గరికి వద్దు, దేహం సంగతి తెలిసి చెయ్యి వేసేవారి దగ్గరికి వెళ్ళవచ్చు.

ఇంతకూ చేత్తో నొక్కితే నొప్పి ఎందుకు తగ్గుతుంది? దీనికి దేహంలోని నరాల దారులు కాస్త తెలియాలి. పిల్లల బడి పుస్తకాల్లో ప్రతీకార చర్య అని ఉంటుంది చూడండి, అదే ఇది.

పొలం గట్టున నడుస్తూ తుమ్మముల్లు తొక్కామనుకోండి. "అమ్మా" అనే లోపలే కాలు పైకి లేస్తుంది. ముల్లు గుచ్చుకున్న కబురు జ్ఞాననాడి ద్వారా వెన్నుపాముకు చేరుతుంది. మెదడు దాకా వెళ్ళి అనుమతి అడిగేంత సమయం లేదు గనుక వెన్నుపామే చాలకనాడి ద్వారా కాలి కండరానికి ఉత్తరువు పంపుతుంది. నొప్పి తెలిసేది ఆ తర్వాత. అంతకంటే వింత ఇంకొకటి ఉంది. ఒక కాలు లేచిన క్షణంలోనే రెండో కాలు బిగుసుకుని ఒళ్ళంతా మోస్తుంది. లేకపోతే ముల్లు తొక్కిన ప్రతివాడూ గట్టుకింద పడవలసినదే. ఒక అవయవం బాధపడితే మిగిలినవి దానితో కూడ బాధపడతాయని పౌలు కొరింథీయులకు రాసినది సంఘాన్ని గురించే గాని, దేహం మట్టుకు ప్రతి గట్టుమీదా ఆ పని చేస్తూనే ఉంది.

ఈ దారి తెగిపోతే ఏమవుతుందో డాక్టర్ పాల్ బ్రాండ్ చూపించారు. మిషనరీల కుమారుడు, 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టి, 1946 నుండి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేశారు. కుష్ఠువల్ల వేళ్ళు వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయని లోకం నమ్మే రోజుల్లో, అది కాదు, నొప్పి తెలియక కాల్చుకుని, కోసుకుని, పుండు మానక పోగొట్టుకుంటున్నారని ఆయన కనిపెట్టారు. నొప్పి దేవుని వరమని ఆయన జీవితమంతా చెబుతూ వచ్చారు.

డాక్టరు మోకాటి కింద చిన్న సుత్తితో తడితే కాలు ఎగరడం మీరు చూసి ఉంటారు. దాన్ని 1875లో జర్మనీలో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు డాక్టర్లు వేరువేరుగా రాశారు. మన కండరాల లోపల కదురు ఆకారంలో సన్నని సాధనాలు ఉంటాయి. కండరం ఎంత సాగింది, ఎంత వేగంగా సాగింది అని అవి వెన్నుపాముకు ఎప్పటికప్పుడు కబురు పెడతాయి. ఒక్కసారిగా సాగితే "తెగిపోతుందేమో, బిగించు" అని ఉత్తరువు వస్తుంది. ఇంగ్లండులో షెరింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి జంట సంగతి తేల్చాడు. ముందు వైపు కండరం బిగిస్తే వెనక వైపు కండరం తానే వదులవుతుంది. గిలక బావిలో ఒక బకెట్టు పైకి వస్తుంటే రెండోది కిందికి దిగినట్టు. నాడుల మీద చేసిన పనికి ఆయనకు 1932లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఇప్పుడు నడుము పట్టడం అర్థమవుతుంది. వంగి నాట్లు వేసి వేసి, ఒక్కసారి లేచి బిందె ఎత్తుతాము. పొట్టిగా ముడుచుకుని ఉన్న కండరం గబుక్కున సాగుతుంది, వెన్నుపాము భయపడి బిగిస్తుంది, ఆ బిగింపే నొప్పి, ఆ నొప్పికే ఇంకా బిగింపు. చేతి వైద్యులు చాలాకాలంగా చెప్పే వివరణ ఇది. మీ అబ్బాయికి చేసిన "తొయ్యి, వదులు" పద్ధతిని ఫ్రెడ్ మిచెల్ అనే ఆస్టియోపతి డాక్టరు రూపొందించాడు. పట్టిన కండరాన్ని రోగి తానే నాలుగైదు సెకన్లు మెల్లగా బిగించాలి, డాక్టరు చెయ్యి దానికి అడ్డు ఉంటుంది. వదిలిన వెంటనే కండరం ఇంకాస్త సాగనిస్తుంది. ఇలా మూడు నాలుగుసార్లు. అది వెన్నుపాము బిగింపు తీసేయడం వల్లనా, లేక ఆ సాగుడు ప్రమాదం కాదని మెదడు నమ్మి ఓర్చుకోవడం వల్లనా అన్నది ఈనాటికీ పరిశోధకులు వాదించుకుంటున్నారు. రోగికి మట్టుకు మెడ తిరుగుతుంది.

మాకు బాగా నచ్చినది లారెన్స్ జోన్స్ సంగతి. ఈయన ఒరెగాన్ రాష్ట్రంలో డాక్టరు. 1955లో ఒక యువకుడు వంగిపోయి వచ్చాడు. నెలల తరబడి ఏ చికిత్సా పనిచేయలేదు, రాత్రి నిద్ర లేదు. జోన్స్ చేసేదేమీ లేక, కనీసం నిద్రపట్టేలా ఎలా పడుకోవాలో చూద్దామని ఇరవై నిమిషాలు అటూ ఇటూ మార్చి, నొప్పి లేని ఒక భంగిమ కనిపెట్టి, దిండ్లు పెట్టి, వేరే రోగిని చూసి వచ్చాడు. తిరిగి వచ్చేసరికి ఆ యువకుడు లేచి నిటారుగా నిలబడ్డాడు. అప్పటినుండి జోన్స్ తొమ్మిదేళ్ళు పరిశీలించి 1964లో తన పద్ధతిని ప్రచురించాడు. నొప్పి ఉన్న చోటును లాగకుండా, దానికి సుఖమైన వైపే మెల్లగా మడిచి తొంభై సెకన్లు అలాగే ఉంచి, అంతకంటే మెల్లగా తిరిగి తీసుకురావడం. విరవడం లేదు, గుంజడం లేదు. మన అమ్మమ్మలు పసిబిడ్డ ఏడుస్తుంటే ఏ వైపు ఎత్తుకుంటే ఊరుకుంటాడో వెతికేవారు చూడండి, అలాంటి ఓపిక అది.

ఇక మెడ "పటుక్కు"మనిపించడం. ఎముక చోటులో కూర్చున్న చప్పుడని అందరూ అనుకుంటారు. కాదు. కీలు లోపలి ద్రవంలో వాయువు గుల్ల ఏర్పడే చప్పుడది. 2015లో కెనడాలో వేళ్ళ కీళ్ళు విరుస్తుండగా స్కానింగు తీసి చూశారు. చప్పుడు వచ్చిందంటే వైద్యం జరిగిందని కాదు.

ఫలితం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. నడుము నొప్పి ఉన్న 178 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి మామూలు చికిత్స, ఇంకొకరికి ఆస్టియోపతి చేతి వైద్యం ఇచ్చారు. పన్నెండు వారాలకు ఇద్దరూ ఇంచుమించు సమానంగానే బాగుపడ్డారు. చేతి వైద్యం పొందినవారు మందులు మాత్రం తక్కువ వాడారు. 2021లో ఫ్రాన్సులో 400 మందితో ఇంకా గట్టి పరీక్ష చేశారు. కొందరికి అసలు చేతి వైద్యం, కొందరికి ఊరికే చేతులు వేసి నటించడం. అసలుకూ నటనకూ తేడా కనబడింది గాని, రోగికి తెలిసేటంత పెద్దది కాదు. అంటే ఇది అబద్ధమూ కాదు, అద్భుతమూ కాదు. మామూలు నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే సద్దుమణుగుతుంది. మంచం పట్టకుండా మెల్లగా తిరుగుతూ ఉండడమే పెద్ద మందు. దగ్గరలో చదువుకున్న ఫిజియోథెరపిస్టు ఉంటే వారి దగ్గర వ్యాయామం నేర్చుకోవడం మేలు. ఎదురుకాళ్ళతో పుట్టినవారిచేత నడుము తొక్కించుకోవడం మాత్రం మానండి. కొన్ని క్రైస్తవ కుటుంబాల్లో కూడా ఇది ఇంకా జరుగుతోంది. ఎదురుకాళ్ళతో పుట్టిన పాపానికి ఆ పిల్లవాడికి ఊళ్ళో ప్రతి నడుమూ అప్పగించడం న్యాయమా?

ఇప్పుడు మేము అసలు చెప్పదలచుకున్నది.

నరాల దారి ఒక వైపే నడవదు. బయట ముల్లు గుచ్చుకున్న కబురు ఎలా లోపలికి వెళ్తుందో, లోపలి అవయవాల బాధ కూడా అదే వెన్నుపాముకు వెళ్తుంది. ఒకే పోస్టాఫీసు కింద రెండు ఊళ్ళున్నాయనుకోండి. సంచిలో వచ్చిన ఉత్తరం మీద ఊరిపేరు సరిగా లేకపోతే, ఎప్పుడూ ఉత్తరాలు రాసే ఊరినుండే వచ్చిందని అనుకుంటాము. గుండె నుండి వచ్చే నాడులు, ఛాతీకీ ఎడమ చేతి లోపలి వైపుకూ చెందిన నాడులు వెన్నుపాములో ఇంచుమించు ఒకే చోట చేరతాయి. గుండె ఎప్పుడూ ఫిర్యాదు చేయదు, చెయ్యి రోజూ చేస్తుంది. అందుకని గుండె మొరపెట్టినప్పుడు మెదడు అది చెయ్యి నొప్పి అనుకుంటుంది. పిత్తాశయంలో రాళ్ళుంటే కుడి భుజం వెనక నొప్పి. మూత్రపిండంలో రాయి జారితే నొప్పి గజ్జల్లోకి దిగుతుంది. అపెండిక్స్ వాస్తే మొదట బొడ్డు చుట్టూ, తర్వాతే కుడి పొత్తికడుపులో. లండన్‌లో హెన్రీ హెడ్ అనే డాక్టరు 1893లోనే ఏ అవయవానికి చర్మం మీద ఏ భాగం నొప్పి పెడుతుందో పటాలు గీశాడు. ఈయన ఎంత పట్టుదల గలవాడంటే, స్పర్శ ఎలా తిరిగి వస్తుందో తెలుసుకోవడానికి 1903లో తన చేతి నరాన్నే కోయించుకున్నాడు.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఒక కోతల కాలంలో ఆదివార ఆరాధన అయ్యాక మందిరం వరండాలో కూర్చుని ఎడమ భుజం పట్టుకున్నారు. ఏమైందని అడిగితే, "ఏం లేదండీ, నిన్న ధాన్యం బస్తాలెత్తాను గదా, నరం పట్టింది" అన్నారు. మేమూ అలాగే అనుకున్నాము. ఒకరు నొప్పుల మందు తెచ్చి రాశారు. చెయ్యి గుంజడం వచ్చిన యువకుడొకడు గుంజాడు. పాస్టరుగారు నూనె రాసి ప్రార్థన చేశారు. ఆయనకు చెమటలు పడుతున్నాయి, ఎండ కదా అనుకున్నాము. దవడ లాగుతోందన్నారు, పన్ను నొప్పి అనుకున్నాము. ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టాము. నాలుగు గంటల తర్వాత వాంతి చేసుకుని ముఖం బూడిదలా మారితే అప్పుడు 108కి ఫోను చేశాము. ఆస్పత్రిలో ఇ.సి.జి. తీసిన డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, "నొప్పి ఎప్పుడు మొదలైంది?" మేము చెప్పిన జవాబు విని ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

దేవుని కృపవల్ల పెద్దాయన బతికారు. కాని గుండె కండరంలో కొంత భాగం రక్తం అందక చచ్చిపోయింది. ఇప్పుడు మందిరం మెట్లు ఐదూ ఎక్కడానికి మధ్యలో ఒకసారి ఆగుతారు. ఆ రోజు మాట వస్తే నవ్వుతూ అంటారు: "మీరు రాసిన నూనె మంచిదే. నూనె రాసే చేత్తోనే బండికి కూడా కబురు చేయాల్సింది."

కండరం నొప్పి సాధారణంగా చెయ్యి కదిపితే పెరుగుతుంది, ఒక భంగిమలో తగ్గుతుంది, నొక్కితే అక్కడే దొరుకుతుంది. గుండె నొప్పి ఎలా కూర్చున్నా మారదు, వేలు పెట్టి చూపలేరు, అరచేత్తో ఛాతీ అంతా చూపుతారు. చెమట, ఆయాసం, వికారం, దవడ లాగడం దానికి తోడు. అయినా ఈ గుర్తులనే పూర్తిగా నమ్ముకోకండి. షుగరు ఉన్నవారిలో, స్త్రీలలో, ముసలివారిలో ఉత్త నీరసంగానో గ్యాసులాగానో కూడా రావచ్చు. అనుమానమొస్తే ముందు ఇ.సి.జి., తర్వాతే నొప్పుల మందు.

మండల కేంద్రంలోని ఆ కరపత్రం సంగతి. వెన్నుపూసలు నొక్కితే షుగరు, బి.పి. పోతాయనే మాటకు ఆధారం ఎక్కడినుండి వచ్చిందంటే, అదీ ఈ నరాల దారులనుండే. లోపలి జబ్బు వీపుమీద కనబడితే, వీపుమీద చేసిన పని లోపలికి చేరదా అని ఆస్టియోపతివారు అడిగారు. ప్రశ్న మంచిదే. 1940ల్లో కిర్క్స్‌విల్‌లో డెన్స్‌లో, కోర్ అనేవారు వెన్నుపాములో కొన్ని భాగాలు తక్కువ ఒత్తిడికే ఉలిక్కిపడుతున్నాయని కొలిచి చూపారు. జపాన్‌లో సాటో అనే శాస్త్రజ్ఞుడు మత్తిచ్చిన ఎలుకల పొట్టమీది చర్మం గిల్లితే జీర్ణాశయం కదలిక తగ్గడం చూశాడు. అంటే దారి ఉంది. కాని దారి ఉండడం వేరు, ఆ దారిన రోగం పోవడం వేరు. న్యుమోనియాతో ఆస్పత్రిలో ఉన్న వృద్ధులు 400 మందికి పైగా చేరిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2010లో అమెరికాలో వచ్చాయి. మందులతోబాటు చేతి వైద్యం చేసినా, అందరినీ కలిపి లెక్కించినప్పుడు ఆస్పత్రి రోజులు స్పష్టంగా తగ్గలేదు. షుగరు మాత్ర మానేసి వీపు నొక్కించుకుంటే కాలు పోగొట్టుకునేది మనమే. పాదాల్లో చుక్కలు పెట్టి ఇది కాలేయం, ఇది మూత్రపిండం అని నొక్కే రిఫ్లెక్సాలజీ ఇంకో సంగతి. పేరు ఒకటైనా దానికీ వెన్నుపాములోని ఈ దారులకూ సంబంధం లేదు.

ఎవరి వీపు ఎవరూ విరవకూడదో కూడా రాస్తాము. నడుము నొప్పితోబాటు కాలిలో బలం తగ్గినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. ఎముకలు గుల్లబారిన అవ్వలను, చెట్టుమీదినుండి పడినవారిని, ఇంతకుముందు క్యాన్సరు వచ్చినవారిని ముట్టనివ్వకండి. క్షవరం అయ్యాక మెడ విరిపించుకునే అలవాటు మగవారికి ఉంది. మెడ ఎముకల సందుల్లోంచి మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలు వెళ్తాయి. గట్టిగా తిప్పితే అరుదుగానైనా నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వస్తుంది. "చాలు బాబూ, మెడ వద్దు" అని చెప్పడానికి సిగ్గుపడకండి.

ఆ సహోదరి ఉత్తరం చివరి వాక్యం ఇది: "మావారికి కూడా నాలుగు నెలలుగా వీపు మధ్యలో నొప్పి, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోంది, మనిషి చిక్కిపోయారు, ఆ బోర్డు పెట్టినాయన దగ్గరికే తీసుకెళ్దామనుకుంటున్నాను."

దీనికి మేము పత్రిక అచ్చయ్యేదాకా ఆగలేదు. ఉత్తరంలో ఉన్న నంబరుకు ఆ సాయంత్రమే ఫోను చేశాము. నెలల తరబడి నొప్పి, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం మూడూ కలిస్తే మన దేశంలో మొదట అనుమానించవలసినది వెన్నెముక క్షయ. క్షయ తిన్న పూస చెదపట్టిన దూలం లాంటిది. దాన్ని విరిస్తే కూలి వెన్నుపాముమీద పడుతుంది, కాళ్ళు పడిపోతాయి. "అమ్మా, ఆయన వీపుమీద ఎవరినీ చెయ్యి వేయనివ్వవద్దు, రేపే ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్ళండి" అన్నాము. ఆమె కాసేపు మాట్లాడలేదు. "రేపు పొద్దున తొమ్మిదింటికి ఆయన దగ్గరికి రమ్మన్నారండీ" అన్నారు తర్వాత.

తొమ్మిదింటికి వారు ఆస్పత్రి వరుసలో ఉన్నారు. ఎక్స్‌రేలో రెండు పూసల మధ్య సందు తగ్గి ఉంది. జిల్లా ఆస్పత్రిలో స్కానింగు తీసి, సూదితో నీరు తీసి పరీక్షకు పంపి, క్షయ అని తేల్చారు. మందులు ఉచితంగానే ఇస్తున్నారు, ఏడాది దాకా వాడాలన్నారు. నడుముకు బెల్టు వేశారు. మొన్న ఆమె మళ్ళీ మాట్లాడారు. మందులు మొదలుపెట్టి ఐదు వారాలైంది. సాయంత్రపు జ్వరం ఆగింది, కాళ్ళలో బలం ఉంది, అన్నం తింటున్నారు. కొడుకు రోజూ అమెరికానుండి ఫోను చేసి, నాన్న మాత్ర వేసుకున్నాడా లేదా అని ముందు అమ్మను, తర్వాత నాన్నను విడివిడిగా అడుగుతున్నాడట.